వెంట్రుకవాసి

దివాకర సాబత్ బల్ల మీద
నా ఫియట్ రేడియో వెల్లకిలా పడుకుంది,
వైద్యుడి ముందు నాలుక చాపినట్టు
తీగలన్నీ బయటపెట్టి.

పర్లాకిమిడి రాజవీధి వెనక సందు.
మహేంద్రతనయకి వరదొస్తే గుమ్మందాకా నీళ్ళొచ్చే సందు.
గోడ నిండా రేడియోలు, పలికేది ఒక్కటీ లేదు.
ఫ్యాను తిరగబోయే ముందు కాసేపు ఆలోచిస్తుంది.

"మూడు దార్లు, కూర్మయ్యా," అన్నాడు
సగం ఒడియా, సగం తెలుగు, మధ్యలో కిళ్ళీ.
"పాత ట్రాన్సిస్టర్లు బరంపురంలో దొరకవు,
కలకత్తా నించి రావాలి. నెల. ఏడువేలు.
లేదంటే డొల్ల ఉంచి లోపల కొత్త సరుకు పెడతాను,
ఫోన్లో పాటలు పాడతాది.
లేదంటే ఏటీ వద్దు, ఇలాగే మూసేస్తాను."

బండికి నిజానికి టైర్లు కావాలి.

ఇరవై రెండు నెలల జీతం బాకీకింద
పాత్రో డాక్టరు నా పేర రాసిచ్చిన బండి.
ఆయన వెనక కూర్చోడు, నా పక్కనే.
కటకం వార్తలు మొదలైతే
నాకు దగ్గే హక్కు కూడా లేదు.

కాశీనగరంలోనో, ఉప్పలాడలోనో
సంచీ పట్టుకుని ఆయన దిగీ దిగగానే
సూది విశాఖకి తిప్పేవాణ్ణి.
గుడిసెలోంచి ఎవరిదో పురిటి అరుపు,
రేడియోలోంచి ఎవరిదో హరికథ,
రెంటికీ మధ్య ఒక గేదె నెమరు.
చెప్పుల చప్పుడు వినపడితే
మళ్ళీ కటకం.
అద్దం మీద వేలిముద్ర కూడా
తువ్వాలుతో తుడిచేవాణ్ణి.

రేడియో పోయి పద్దెనిమిదేళ్ళు.
అప్పట్నించీ బండే మాట్లాడుతోంది.
టాపెట్లు వదులైతే ముందు నాకే చెబుతాయి.
వంశధార వంతెన మీద
ఎడమ వెనక చక్రం ఒక్కచోటే మూలుగుతుంది.
రేడియో బాగైతే అదెవరు వింటారు?
ఇప్పుడు ఎక్కేది పెళ్ళికొడుకులు.
వాళ్ళకి పాత కారు కావాలి, ఫొటోకి.
ఒకడు అడిగాడు డయల్ చూసి,
"ఇదేటి తాతా, ఏసీ మీటరా?"

స్టేషన్లు తిప్పే నాబు ఎప్పుడో విరిగితే
కొమ్ముబొమ్మలు చేసే వీధిలో
గేదెకొమ్ముతో చెక్కించాడు డాక్టరు.
కొంగల్ని చేసే చేతికి
వట్టి గుండ్రం చెక్కడం నామోషీ కాబోలు,
అంచు చుట్టూ ఈకలు పెట్టాడు.

దివాకర్ దాన్ని ఊడదీసి, రేకు తుడిచి, ఆగాడు.
"ఇది నువ్వు గీసేవా?"

రేకు మీద ఒక గీత.
ఆపరేషన్ కత్తి మొనతో గీసినంత సన్నం.
నాబు ఈకల్లో ఒకదానికి అదే కత్తి గాటు.
గాటుకి గీత ఎదురైతే కటకం.
ఎడమ సీట్లోంచి మాత్రమే కనపడే వైపు.

నాకు బోధపడ్డానికి ఒక టీ పట్టింది.

ఎన్నిసార్లు వెనక్కి తిప్పి ఉంటానో,
అన్నిసార్లూ వెంట్రుకవాసి
ఇటో అటో వదిలేసే ఉంటాను.
కూర్చోగానే ఆయన చెయ్యి చాపి
కొంచెం సరిచేసుకోవడం గుర్తే.
గరగర వస్తోందేమో అనుకున్నాను.
ఇంకోటి కూడా.
కేసు చూసి వస్తూ దారి మలుపులోనే
గట్టిగా దగ్గేవాడు.
చుట్టల దగ్గు అనుకున్నాను.
పదకొండేళ్ళు. ఒక్కసారైనా

టాంకం కడ్డీ పొగలు కక్కుతోంది.
"ఏటి చేద్దాం? కలకత్తాకి ఉత్తరం రాయమంటావా?"

డయల్లో దీపం వెలుగుతాదా, అన్నాను.
"దానికేటి, చిన్న బల్బు. హెబ, హెబ."
అది వెయ్యి. మిగతాది టైర్లయ్యాక చూద్దాం.

నాబు బిగిస్తూ అడిగాడు,
గాటు గీత మీదకి తెచ్చి,
"ఇక్కడుంచనా?"

అక్కడ కాదు,
కొంచెం పక్కకి.